ఆసనం ఒక్కటే, ఎముకలు వేరు

జూన్ 21 దగ్గర పడిందంటే చాలు, కాలేజీ గ్రౌండ్‌లో చాపలు పరిచేస్తారు. ముందు ఒకరు మైకు పట్టుకుని చెబుతుంటే వెనక వందల మంది ఒకేసారి వంగుతారు. 2015లో మొదటి అంతర్జాతీయ యోగా దినోత్సవం జరిగినప్పటి నుంచీ ఇది అలవాటైన దృశ్యమే. ఆ ఊపులో కొందరు హాస్టల్ టెర్రస్ మీద జూనియర్లకు నేర్పించడం కూడా మొదలుపెడతారు. మంచిదే. కానీ వంగలేక అవస్థ పడుతున్న కుర్రాడి వీపు మీద చెయ్యి వేసి "ఇంకొంచెం... ఇంకొంచెం..." అని నొక్కుతాం చూడండి, ఆ చెయ్యి కింద ఏముందో మనకు తెలుసా?

లోడ్ ఎంతో, మెటీరియల్ ఏమిటో తెలియకుండా మనం ఒక బీమ్‌ని కూడా డిజైన్ చెయ్యం. మనిషి నడుము దగ్గరకొచ్చేసరికి మాత్రం "సాధన చేస్తే అదే వస్తుందిలే" అనేస్తాం. నిజానికి అన్నీ సాధనతో రావు. ఏది వస్తుందో, ఏది రాదో చెప్పేది శరీర నిర్మాణ శాస్త్రం, అంటే అనాటమీ. యోగా చేసేవాళ్లకూ, ముఖ్యంగా నేర్పేవాళ్లకూ అది కొంచెమైనా కావాలనేది అందుకే.

మనల్ని ఆపేది ఏమిటి?

ఏ ఆసనంలోనైనా ఒక చోట ఆగిపోతాం. ఆపేవి ప్రధానంగా రెండు. ఒకటి లాగుడు: కండరం, దాని చుట్టూ ఉన్న పొరలు ఇక సాగనంటాయి. రెండోది ఒరుసుకోవడం: ఎముక వెళ్లి ఎముకకు తగులుతుంది, లేదా మధ్యలో ఉన్న మెత్తటి భాగం నలుగుతుంది. మొదటిది వారాలు, నెలల సాధనతో మారుతుంది. రెండోది ఎన్నేళ్లు చేసినా మారదు. బలవంతం చేస్తే అరుగుతుంది, అంతే.

తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. భుజంగాసనంలో పైకి లేచినప్పుడు పొట్ట వైపు లాగుతుంటే అది సాగే వైపు, అంటే కండరం పని. నడుము వెనక ఒకే చోట చిటుక్కుమని పట్టేస్తుంటే అది మూసుకునే వైపు, అంటే వెన్నుపూసలు ఒరుసుకుంటున్నాయన్న అనుమానం. అక్కడ ఇంకా లేవమనకూడదు, కొంచెం దిగమనాలి.

పద్మాసనం: అసలు పని తుంటిది

పాదం వచ్చి ఎదుటి తొడ మీద కూర్చోవాలంటే తొడ ఎముక తుంటి గిన్నెలో బయటి వైపుకు బాగా తిరగాలి. తుంటి గుండ్రటి తల, గిన్నె ఉన్న కీలు కాబట్టి తిరగగలదు. మోకాలు దాదాపు తలుపుకున్న మడతబందు లాంటిది. మడిచినప్పుడు కాస్త తిరుగుతుంది తప్ప మెలితిప్పడానికి పుట్టింది కాదు. తుంటి తిరగాల్సినంత తిరగకపోయినా పాదాన్ని చేత్తో లాగి పైన పెట్టేస్తే, ఆ మిగిలిన మెలిక మోకాలు భరించాలి. మోకాల్లో నెలవంకల్లాంటి రెండు మెత్తలుంటాయి, వాటినే మెనిస్కస్‌లు అంటారు. వాటి లోపలి అంచుకు రక్త సరఫరా ఉండదు. అక్కడ చిరిగితే దానంతటది మానడం కష్టం.

మరి కొందరికి మొదటి రోజే పద్మాసనం ఎందుకొచ్చేస్తుంది? తొడ ఎముక పైభాగం కొంచెం ముందుకు మెలితిరిగి ఉంటుంది. పెద్దవాళ్లలో ఆ కోణం సగటున 10 నుంచి 15 డిగ్రీలు. కొందరిలో దాదాపు సున్నా, కొందరిలో 30 దాకా కూడా ఉంటుంది. ఆ కోణం ఎక్కువగా ఉన్నవాళ్లకు తొడ బయటికి తక్కువ తిరుగుతుంది. వాళ్లు బద్ధకస్తులూ కాదు, మొదటి రోజే వేసినవాళ్లు మహాయోగులూ కాదు. ఎముకలు అలా ఉన్నాయి.

కుర్చీలో కూర్చుని ఒక చీలమండను ఎదుటి మోకాలి మీద పెట్టి చూడండి. ఆ మోకాలు పైకే నిలబడిపోతే తుంటి ఇంకా సిద్ధంగా లేదన్నమాట. పిరుదు వైపు లాగుతుంటే మెల్లగా సాధన చెయ్యొచ్చు. గజ్జలో నొక్కుకుపోతుంటే అక్కడితో ఆపాలి. పిరుదుల కింద మడతపెట్టిన దుప్పటి వేసుకుని సుఖాసనంలో కూర్చున్నా ధ్యానానికి లోటేం రాదు.

ముందుకు వంగడం: నడుము మీద పడే భారం

పశ్చిమోత్తానాసనంలో ముక్కు మోకాలికి తగలడమే గొప్ప అనుకుంటాం. అసలు వంపు తుంటి దగ్గర మొదలవ్వాలి. తొడ వెనక ఉండే హ్యామ్‌స్ట్రింగ్ కండరాలు పైన మనం కూర్చునే ఎముకలకూ, కింద మోకాలి దిగువకూ అతుక్కుని ఉంటాయి. రోజంతా కుర్చీలోనే గడిపే మనలాంటి వాళ్లలో చాలామందికి అవి బిగుసుకుని ఉంటాయి. అప్పుడు కటి ఎముక ముందుకు వాలదు, మిగిలిన వంపంతా నడుములోని 5 వెన్నుపూసల మీద పడుతుంది.

పూసల మధ్య ఉండే డిస్క్ చుట్టూ గట్టి నారల వలయం, మధ్యలో జెల్లీ లాంటి పదార్థం ఉంటాయి. ముందుకు వంగినప్పుడు డిస్క్ ముందు భాగం నలిగి జెల్లీ వెనక్కి తోసుకొస్తుంది. నరాలు ఉండేది ఆ వెనకే. స్వీడన్‌కు చెందిన ఆర్థోపెడిక్ వైద్యుడు నాఖెమ్‌సన్ 1960లలో డిస్క్‌లోకి సూది పంపి ఒత్తిడి కొలిచాడు. నిలబడినప్పటి కంటే కూర్చుని ముందుకు వంగినప్పుడు ఒత్తిడి బాగా ఎక్కువని తేలింది.

ఇప్పుడు ఆ వీపు మీద మన చెయ్యి పెడదాం. భుజాల మధ్య 100 న్యూటన్ల బలంతో నొక్కితే, నడుము అడుగున ఉన్న డిస్క్‌కు దూరం సుమారు 0.4 మీటర్లు అనుకుంటే, 40 న్యూటన్ మీటర్ల మొమెంట్. ఫస్టియర్ మెకానిక్స్ లెక్కే. అసలే ఒత్తిడిలో ఉన్న చోట ఇది అదనం.

ఇంకో సంగతి. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున లేవగానే మనం ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు ఎక్కువ పొడుగుంటాం. ఆ సమయంలో వంగితే డిస్క్ మీద పడే భారం కూడా ఎక్కువే. కాబట్టి పొద్దున్నే మంచం దిగి నేరుగా పాదాలు పట్టుకోకండి. కాసేపు నడవండి, చేతులూ కాళ్లూ కదపండి. తర్వాత మోకాళ్లు కొంచెం మడిచి, కూర్చునే చోట ఎత్తు పెట్టుకుని, తుంటి దగ్గర నుంచి వంగండి. ముక్కు ఎక్కడుంటే అక్కడుండనివ్వండి.

శీర్షాసనం: ఫొటో కోసమైతే వద్దు

మెడలోని 7 పూసలు రోజూ మోసేది సుమారు 5 కిలోల తలని. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో అనుభవం ఉన్న 45 మంది మీద కొలిస్తే శీర్షాసనంలో తల మీద పడిన గరిష్ఠ భారం శరీర బరువులో 40 నుంచి 48 శాతం దాకా వచ్చింది. 60 కిలోల మనిషికి అది 24 నుంచి 29 కిలోలు. చేతులతో నేలను బాగా నొక్కితే భారం తగ్గించుకోవచ్చు. కానీ మోచేతి పై ఎముక పొట్టిగా, మెడ పొడుగ్గా ఉన్నవాళ్లకు అదీ కష్టమే. ఆ ఎముక పొడవు సాధనతో పెరగదు.

కళ్ల సంగతీ ఉంది. చెన్నై శంకర నేత్రాలయ వైద్యులు 2006లో ప్రచురించిన పరిశోధనలో శీర్షాసనం వేసినప్పుడు కంటి లోపలి ఒత్తిడి రెట్టింపైనట్టు చూపించారు. గ్లకోమా, బీపీ ఉన్నవాళ్లను తలకిందులు చెయ్యకూడదని చెప్పేది ఊరికే కాదు.

నేర్పేవాళ్లకు

"మన యోగాకి ఈ ఇంగ్లిషు వైద్యం ఎందుకు?" అనేవాళ్లు ఉంటారు. స్వామి కువలయానంద 1924లో లోనావ్లాలో కైవల్యధామ స్థాపించి, అదే ఏడాది 'యోగ మీమాంస' పత్రిక మొదలుపెట్టి, యోగ క్రియలను ఎక్స్‌రేలతో పరీక్షించారు. వందేళ్ల కిందటే ఒక యోగి వేసిన ప్రశ్నలే ఇవి.

206 ఎముకల పేర్లూ బట్టీ పట్టక్కర్లేదు. తుంటి, మోకాలు, నడుము, మెడ, భుజం: ఈ ఐదూ ఎటు కదులుతాయో, ఎటు కదలకూడదో ముందు నేర్చుకుంటే చాలావరకు ప్రమాదం తప్పుతుంది. క్లాసు మొదలయ్యే ముందు పాత దెబ్బలు, ఆపరేషన్లు, బీపీ, కంటి జబ్బుల గురించి అడగండి, అదీ అందరి ముందూ కాకుండా. అనుమతి లేకుండా ఎవరి మీదా చెయ్యి వెయ్యకండి. వేసినా దారి చూపించడానికే, నొక్కడానికి కాదు. కరెంటు షాక్ లాంటి నొప్పి, కాల్లోకో చేతిలోకో పాకే తిమ్మిరి, కీలు లోపల పోటు, వీటిలో ఏదొచ్చినా వెంటనే ఆపించండి. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పంపండి.

ఎవరైనా వంగలేకపోతే "ఇంకొంచెం" అనే ముందు "ఎక్కడ పట్టేస్తోంది?" అని అడిగి చూడండి. ఆ జవాబు అర్థం చేసుకోగలిగినంత అనాటమీ తెలిస్తే, నేర్పడం మొదలుపెట్టొచ్చు.