ముందు వడపోత సరిగా ఉంటేనే మంచినీటి ప్లాంటు నిలుస్తుంది

పాలలో నీళ్ళ గురించి మేము ప్రతి తనిఖీలోనూ మాట్లాడుతూనే ఉంటాము. ఈసారి ఉత్త నీళ్ళ గురించే నాలుగు మాటలు చెప్పదలచాము.

మన తిరువూరు ప్రాంతంలో, ముఖ్యంగా ఎ. కొండూరు వైపు, బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువ. ఐ.ఎస్. 10500 ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటరాదు. వేరే వసతి లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. అది మించిన నీటిని ఏళ్ళ తరబడి తాగితే పళ్ళకు గార, ఎముకలకు వంకర వస్తాయి. ఫ్లోరైడు కాచినా పోదు, ఇసుకలో వడకట్టినా పోదు. ఆర్.ఓ. ప్లాంటులోని మెంబ్రేను దానిని చాలావరకు ఆపుతుంది.

అయితే మెంబ్రేను సున్నితమైనది. వడకట్టని పాలు క్యానులో పోస్తే శీతలీకరణ యంత్రం ఎంత మంచిదైనా ప్రయోజనం ఉండదు గదా! ఇదీ అంతే. ఇటీవల మేము చూసిన ఒక ప్లాంటులో మెంబ్రేను మార్చి ఏడాది తిరగలేదు, నీటి ధార సగానికి పడిపోయింది. విప్పి చూడగా కార్‌ట్రిడ్జి వడపోత ఎర్రమట్టి ముద్దలా ఉన్నది. దానిని ఎప్పుడు మార్చారో చెప్పగలవారు లేరు.

ముడినీటిని బట్టి ముందు శుద్ధి చేయాలి. సాగర్ కాలువ నీటిలో ప్రధానంగా బురద ఉంటుంది. పూర్వం ఇళ్ళలో ఇండుపగింజ అరగదీసి బిందెలో కలిపినట్లే, ఇక్కడ పటిక వేసి తేర్చి, పైనీటిని ఇసుక వడపోతకు పంపాలి. బోరునీరు తేటగా కనిపించినా అందులో సున్నపు లవణాలు, ఒక్కొక్కచోట ఇనుము ఉంటాయి. ఇనుము గాలి తగిలితే తుప్పుగా మారుతుంది కనుక, ముందు నీటిని ఎత్తునుండి జల్లుగా తొట్టిలో పడనిచ్చి తరువాత వడకట్టాలి.

ఆపైన వరుస ఇది:

1. ఇసుక వడపోత మట్టిని పట్టుకుంటుంది. దీనిలోకి నీటిని ఎదురుగా పంపి క్రమం తప్పక కడగాలి.

2. బొగ్గు వడపోత వాసనను, క్లోరినును తీసివేస్తుంది. బ్లీచింగు పౌడరు కలిపిన నీరు నేరుగా తగిలితే మెంబ్రేను పొర పాడవుతుంది. బొగ్గు దాటిన నీటిని క్లోరోస్కోపుతో చూడాలి, రంగు రాకూడదు.

3. గార పట్టకుండా చేసే మందును కంపెనీ చెప్పిన కొలతలోనే కలపాలి. మందు డబ్బా ఖాళీ అయితే ప్లాంటు ఆపడమే మేలు.

4. చివరిది 5 మైక్రానుల కార్‌ట్రిడ్జి. దీనికి ముందు, వెనుక ఉన్న ప్రెషర్ గేజిల మధ్య తేడా ఒక కిలో కాకముందే మార్చాలి.

గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. పాలు విరిగితే తెలుస్తుంది. మెంబ్రేను చెడితే తెలియదు. నీరు తేటగానే వస్తుంది, ఫ్లోరైడు మాత్రం దాటిపోతుంది. కనుక లోపలికి పోయే నీటికి, బయటికి వచ్చే నీటికి రోజూ టి.డి.ఎస్. మీటరు పెట్టి పుస్తకంలో రాయాలి. బయటి అంకె పెరుగుతూ ఉంటే నీటిని ప్రయోగశాలకు పంపాలి.

ఇక పాడి రైతులకు ముఖ్య హెచ్చరిక. ప్లాంటు వదిలే వృథా నీటిని పశువుల తొట్టికి మళ్ళించడం సరికాదు. 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న నీటిలో సగం మంచినీరుగా పోతే, మిగిలిన సగంలో అది దాదాపు 6 అవుతుంది. పశువుల నీటిలో 2 మించరాదని నిపుణుల సూచన. మించితే గేదె పళ్ళు అరిగి మేత నమలలేదు, కాళ్ళు కుంటుతుంది, పాలూ తగ్గుతాయి. ఆ నీటితో క్యానులు కడిగితే వాటికీ గార పడుతుంది.

కార్‌ట్రిడ్జి ఖర్చు కొద్దిపాటిది, మెంబ్రేను ఖర్చు చాలా పెద్దది. కార్యదర్శులు పాల పుస్తకం పక్కనే నీటి పుస్తకం కూడా ఉంచాలని కోరుతున్నాము. వచ్చే తనిఖీలో మేము రెండూ అడుగుతాము.