గుజరాతీల పటోలా

హయత్‌నగరము మీదుగా విజయవాడకు పోవు రాజమార్గమున కొంతదూరము సాగి, ఎడమవైపునకు చీలిన త్రోవ పట్టినచో పోచంపల్లి చేరవచ్చును. అచ్చటి మగ్గములపై నేయు పట్టుచీరలలో ఏనుగులు, చిలుకలు, నాట్యమాడు స్త్రీలు వరుసలు తీరిన చీరలును కానవచ్చును. ఆ చిత్రముల పుట్టినిల్లు గుజరాతునందలి పాటన్ నగరము. అచ్చటి నేతకే పటోలా యని పేరు.

పాటన్ ఒకప్పుడు సోలంకీ రాజుల రాజధాని. 12వ శతాబ్దమున రాజ్యమేలిన కుమారపాలుడు దేవపూజకు పటోలా వస్త్రమునే ధరించెడివాడనియు, దానికొఱకు జాల్నా నుండి 700 సాల్వీ కుటుంబములను రప్పించి పాటన్‌లో నిలిపెననియు ఆ నేతగాండ్రు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఇందు చరిత్ర యెంత, కథ యెంత యను విచార మటుంచినను, ఆ జాల్నా 1956 వఱకు హైదరాబాదు రాజ్యములోని పట్టణమే యగుట వింతగా నున్నది.

ఈ నేతలో రంగు వస్త్రమునకు గాక, నేయకముందే పోగులకు వేయుదురు. పడుగును, పేకను వేర్వేఱుగా సాగదీసి, ఏ చోట ఏ రంగు రావలెనో లెక్కించి, రంగు సోకరాని తావులను దారముతో బిగియగట్టి ముంతురు. ఆఱిన పిదప కట్లు విప్పి, వేఱొకచోట కట్టి, మఱియొక రంగులో ముంచవలెను. నేయునపుడు పడుగులోని ఎఱుపుపై పేకలోని ఎఱుపే వచ్చి కూడవలెను. వెంట్రుకవాసి తప్పినను చిలుక ముక్కు చెదరును! అందుచే కొన్ని అంగుళములు నేయుట, ఆగి సూదితో పోగులు సర్దుట, మరల నేయుట. వాలుగా నమర్చిన మగ్గమున ఇరువురు కూర్చుండి పనిచేసినను, ఒక్క చీరకు నాలుగు మొదలు ఆఱు మాసములు పట్టును. వెల లక్ష రూపాయలకు పైబడును. చీర చిరిగినను చిత్రము వెలియదని గుజరాతీలు సగర్వముగా చెప్పుదురు.

అందుచేతనే పటోలా తల్లి పెట్టెనుండి కూతురి పెట్టెకు చేరు సొత్తయ్యెను. గుజరాతీ పెండ్లిలో మేనమామ తెచ్చు తెలుపు ఎఱుపుల చీరను పానేతర్ అందురు. తెలుగువారి మధుపర్కములు ఎఱిగినవారికి ఇది క్రొత్తగా తోపదు. సీమంతము వంటి వేడుకలలో పటోలా ధరించుట శుభము. హిందువులకును, జైనులకును ఏనుగుల, చిలుకల చీరలు ప్రియమైనవి. బోహ్రా ముస్లిముల పెండ్లిండ్లకు జీవుల రూపములు లేని ప్రత్యేకమైన అల్లిక కలదు. నేసిన చేతులు మాత్రము ఒక్కటే. పూర్వము ఈ వస్త్రములు ఓడలపై జావా, సుమత్రా దీవులకు పోయి, అచ్చటి రాజులకు మర్యాదచిహ్నములయ్యెను.

పోచంపల్లివారు చిటికి కట్టు విద్యను 20వ శతాబ్దపు తొలినాళ్లలో చీరాల నుండి గ్రహించి నూలుపై నేసిరి; 1970 ప్రాంతమున పట్టునకు మరలిరి. పటోలా చిత్రములను చేపట్టినను, పెక్కుచీరలలో పడుగునకో, పేకకో మాత్రమే కట్లు కట్టుదురు. కావున శ్రమయు, వెలయు తగ్గి, సామాన్య కుటుంబములకును ఆ సొగసు అందినది. పాటన్‌లో నేడు ఈ నేతను నిలుపుకొన్న సాల్వీ కుటుంబములు వ్రేళ్లపై లెక్కింపదగినవి. పాటన్ పటోలాకు 2013లో భౌగోళిక సూచిక లభించెను. పోచంపల్లి నేతకు అంతకు పూర్వమే లభించియుండెను.

అయినను, ఈ రెండింటి చిత్రములను యంత్రములపై అచ్చువేసిన చౌకగుడ్డలు అంగళ్లలో నిండియున్నవి. వానిని గుర్తించుట కష్టము కాదు. గుడ్డను తిరుగవేసి చూడవలెను. అచ్చుగుడ్డ వెనుకవైపు వెలవెలబోవును. పోగులకే రంగు కట్టి నేసినది రెండువైపులను ఒక్కతీరుననే యుండును.