కాలువ గట్టు మీద తొక్కడానికి ఎలాంటి సైకిలు కొనాలి?

పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మోకాళ్ళ నొప్పి వలన ఎక్కువ దూరం నడవలేని షుగరు పేషెంట్లకు మేము సైకిలు తొక్కమని సలహా ఇస్తుంటాము. శరీరం బరువు చాలావరకు సీటే మోస్తుంది గనుక మోకాళ్ళకు సుఖం. లారీలు తిరిగే తారురోడ్డు కంటే కాలువ గట్టు, పుంత దారి మేలు. మరి తక్కువ ఖర్చులో ఏ సైకిలు కొనాలి?

కంపెనీ, రంగు తరువాత. మొదట చూడవలసింది కొలత. ముందు బారుకు అటూ ఇటూ కాళ్ళు వేసి, పాదాలు నేలకు ఆనించి నిలబడండి. బారుకూ మీకూ మధ్య రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. గట్టు మీద చక్రం జారితే కాలు వెంటనే నేలకు ఆనాలి గదా! కాలు ఎత్తి వేయలేని పెద్దవారికి లేడీస్ సైకిలే మంచిది. మగవారు సిగ్గుపడనక్కరలేదు.

ఇక సీటు ఎత్తు. పెడలు బాగా కిందికి వచ్చినప్పుడు దానిపై మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. అప్పుడు మునిపాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగానే వంగుతుంది. పడిపోతామనే భయంతో చాలామంది సీటు బాగా దించేస్తారు. దానివలన మోకాలు మరీ వంగి, చిప్ప వెనుక ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి మొదలయ్యాక సైకిలు మనకు పడదంటూ మూలన పెడతారు. కొత్తవారు మొదటి వారం సీటు కాస్త కిందికే ఉంచి, అలవాటయ్యాక పెంచుకోవచ్చు.

సన్న టైరు ఇసుకలో దిగబడుతుంది. 26 అంగుళాల చక్రానికి సుమారు 2 అంగుళాల వెడల్పు టైరు సరిపోతుంది. గాలి రాయిలా కొట్టించవద్దు. టైరు పక్కన ముద్రించిన హద్దుల్లో తక్కువ వైపు ఉంచితే కుదుపు తగ్గుతుంది. నల్లరేగడి నేలల వారు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేలు దూరేంత ఖాళీ ఉందో లేదో చూడండి. లేకపోతే వాన పడినప్పుడు మట్టి ఇరుక్కుని చక్రమే తిరగదు.

ముందూ వెనుకా స్ప్రింగులు, 21 గేర్లు చూసి పిల్లలు ముచ్చటపడతారు. చవక సైకిళ్ళలో ఆ స్ప్రింగులు బరువును పెంచుతాయి, పైగా వెనుక స్ప్రింగు మనం తొక్కే బలంలో కొంత మింగేస్తుంది. డెల్టా వంటి చదును నేలకు గేర్లు లేనిదే చాలు, ఊళ్ళోనే రిపేరు చేయించుకోవచ్చు. అరకు వంటి కొండ ప్రాంతాల వారికి మాత్రం గేర్లు కావాలి. మిగిలిన డబ్బు హెల్మెట్‌కు, అల్యూమినియం రిమ్ములకు పెట్టండి. స్టీలు రిమ్ము తడిస్తే బ్రేకు సరిగా పట్టదు. పాత సైకిలైతే ఫ్రేము అతుకుల దగ్గర పగుళ్ళున్నాయేమో చూసి, చక్రం ఎత్తి తిప్పండి. ఊగిసలాడితే బేరం తగ్గించండి.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఖాళీ కడుపుతో బయలుదేరవద్దు. జేబులో నాలుగు చెంచాల పంచదార పొట్లం ఉంచుకోండి. చెమట, వణుకు వస్తే దిగి వెంటనే తినాలి. పాదాలు మొద్దుబారినవారు చెప్పులతో కాక బూట్లతోనే తొక్కాలి, ఇంటికి రాగానే అరికాళ్ళు చూసుకోవాలి. గుండె జబ్బు ఉన్నవారు సైకిలు కొనేముందే డాక్టరుకు చూపించుకోండి. తొక్కుతుండగా ఛాతీ బరువెక్కితే అక్కడే ఆపి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి రండి.