మలుపునందు మోటారు సైకిలు ఏల ఒరుగును?



ఆ మధ్య విశాఖపట్టణమునుండి అరకునకు పోవు కనుమదారిలో మా మేనల్లుని మోటారు సైకిలుపై వెనుక గూర్చుండి ప్రయాణము చేసితిని. మలుపు వచ్చి బండి ఒక ప్రక్కకు ఒరిగినపుడెల్ల నేను భయముచే రెండవ ప్రక్కకు దేహమును నిక్కించుచుంటిని. కొంతదూరము పోయిన పిమ్మట వాడు బండి నాపి, “మామయ్యా, మీరిట్లు చేసినచో మనమిద్దరమును లోయలో పడుదుము” అనెను. పదార్థవిజ్ఞానమును బోధించిన వాడనయ్యును ఇట్లు చేసితినిగదా యని సిగ్గుపడితిని.

వడిసెల నెఱుగనివారు మీలో నుండరు. ఱాయి గుండ్రముగా తిరుగుట త్రాడు దానిని లోపలికి లాగుచుండుట చేతనే. త్రాటిని విడిచిన తోడనే అది తిన్నగా పోవును. బండికి టైరు నేలను పట్టుకొను పట్టే త్రాడు. అయితే ఆ పట్టు నేలమట్టమున నున్నది, బరువో పైన నున్నది. బండిని నిలువుగానే యుంచి మలుపు త్రిప్పినచో చక్రములు లోపలికి పోవును, మనుష్యులు వెలుపలికి కూలుదురు. అందుచే ముందుగానే లోపలికి ఒరగవలెను.

ఇందొక విచిత్రము గలదు. కుడికి తిరుగగోరువాడు చేతిపిడిని మొదట లవలేశము ఎడమకు త్రిప్పును. చక్రము ఎడమకు జరుగగా బండి కుడికి ఒరుగును. సైకిలు త్రొక్కు పిల్లలందఱును ఇట్లే చేయుదురు గాని, అడిగిన ఒప్పుకొనరు.

20 మీటర్ల వ్యాసార్ధముగల మలుపున గంటకు 36 కిలోమీటర్ల వేగముతో పోవునపుడు ఒరుగవలసినది ఇంచుమించు 27 డిగ్రీలు. 54 కిలోమీటర్లైన 49 డిగ్రీలు. అంతటి పట్టు మామూలు బాటపై దొరకుట దుర్లభము. వేగము రెట్టింపైన కావలసిన పట్టు నాలుగు రెట్లగును. ఇసుక యున్నచో త్రాడు తెగినట్లే. బ్రేకు కూడ ఆ పట్టులోనే పాలు గొనును గనుక వేగమును మలుపునకు ముందే తగ్గింపవలెను.

ఈ కోణము బండి యొక్కదానిది కాదు. బండియు మనుష్యులును కలిసిన గరిమనాభిది. నేను వెలుపలికి నిక్కితినా, ఆ లోటు తీర్చుటకు వాడు బండిని మఱింత ఒరగింపవలెను. పందెగాండ్రు ఇందుకు విరుద్ధముగా ఆసనమునుండి లోపలికి జాఱి, మోకాలు నేలకు తగులునంతగా వ్రేలాడుదురు. అందుచే అదే వేగమునకు వారి బండి తక్కువగా ఒరుగును. వెనుక గూర్చున్నవాని కంత సాహస మక్కఱలేదు. నడుపువానితో పాటు ఒరిగిన చాలును.

తిరుగు ప్రయాణమున నేను వాని లోపలి భుజముమీదుగా మలుపును చూచుచు గూర్చుంటిని. దేహము తనంతటనే బండితో ఒరిగినది. వాడు మరల బండి నాపలేదు.