ఎం.డి. అయ్యాక మరో మూడేళ్ళు!
షుగరు, థైరాయిడు నిపుణుల చదువుకు పదకొండున్నర ఏళ్ళు - తల్లిదండ్రులు ముందే తెలుసుకోవలసిన సంగతులు

గుండ్లపోచంపల్లి, (మా విలేఖరి): మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో ఏ ఇంటి అరుగు మీద నలుగురు కూర్చున్నా రెండు జబ్బుల మాట రాకుండా పోదు. ఒకటి షుగరు, రెండవది థైరాయిడు. ఒకప్పుడు వున్నవాళ్ళ జబ్బుగా పేరుబడిన షుగరు ఇప్పుడు నాగలి పట్టిన వారినీ, బట్టల కార్ఖానాలో మిషను కుట్టే ఆడపడుచులనూ వదలడం లేదు. ఈ రెండు జబ్బులకూ మూలం శరీరంలోని వినాళ గ్రంథులలో వున్నది. ఆ గ్రంథుల మీద పై చదువు చదివిన వైద్యుణ్ణి ఎండోక్రినాలజిస్టు అంటారు.

అటువంటి డాక్టరు పట్నంలో తప్ప పల్లెల్లో కానరాడు. ఆ చదువు ఎంత దూరమో తెలిస్తే అందుకు కారణం సగం అర్థమవుతుంది. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపొందిన ఈ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు కూడా ఇప్పుడు డాక్టరు చదువులకు పోతున్నారు. ఎం.బి.బి.ఎస్. సీటు వస్తే ఊరంతా మిఠాయిలు పంచిన ఇళ్ళలో, ఎం.డి. కూడా అయ్యాక పిల్లవాడు “ఇంకో మూడేళ్ళు చదువుతాను” అంటే “ఇంకెన్నాళ్ళు బిడ్డా?” అన్న ప్రశ్న రావడం సహజమే. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గ్రంథుల డాక్టరు ఏం చూస్తాడు?

మెదడు అడుగున బఠాణీ గింజంత వుండే పీయూష గ్రంథి, గొంతు ముందు సీతాకోక చిలుక ఆకారంలో వుండే థైరాయిడు, దాని వెనుక వుండే చిన్న చిన్న పారాథైరాయిడు గ్రంథులు, మూత్రపిండాల పైన టోపీల్లాగా వుండే అధివృక్క గ్రంథులు, కడుపులోని క్లోమం - ఇవి తమ రసాలను గొట్టాల ద్వారా కాక నేరుగా నెత్తురులోకి వదులుతాయి. ఆ రసాలే హార్మోనులు. పిల్లల ఎదుగుదల, ఆడవారి నెలసరి, ఎముకల గట్టిదనం, నెత్తురులోని చక్కెర అన్నీ వాటి అదుపులోనే వున్నాయి.

భారత వైద్య పరిశోధన మండలి తరఫున దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు వున్నది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప దగ్గర నిలబడి వున్నారు. ఇంతమందినీ గ్రంథుల డాక్టర్లే చూడాలంటే జరిగే పని కాదు, ఆ అవసరమూ లేదు. మామూలు షుగరుకు దగ్గరలోని ఎం.బి.బి.ఎస్. డాక్టరో, ఎం.డి. డాక్టరో చాలు.

కాని కొన్ని కేసులున్నాయి. పసివయసులోనే ఇన్సులిన్ మీద బతకవలసి వచ్చే పిల్లలు, పుట్టుకతోనే థైరాయిడు లేని శిశువులు, వయసు వచ్చినా ఎత్తు పెరగని వారు, పీయూష గ్రంథిలో గడ్డ లేచిన వారు. శిశువుకు థైరాయిడు లోపం వుంటే పుట్టిన కొద్ది రోజుల్లోనే పరీక్షించి మందు మొదలుపెట్టాలి. ఆలస్యమైతే బుద్ధి మందగిస్తుంది, తరువాత ఎంత మందు ఇచ్చినా పోయిన తెలివి పూర్తిగా తిరిగి రాదు.

పల్లెల్లో మరో ముప్పు వున్నది. మోకాళ్ళ నొప్పులకనీ, ఆయాసానికనీ తెలిసీ తెలియని వారు ఇచ్చే స్టిరాయిడు మాత్రలు నెలల తరబడి మింగే వారు కొందరు. ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, ఒళ్ళు వస్తుంది, “మందు బాగా పని చేస్తున్నది” అనుకుంటారు. లోపల అధివృక్క గ్రంథులు పని మానేస్తాయి. ఆ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఇటువంటి చోట గ్రంథుల డాక్టరు విలువ తెలుస్తుంది.

పదకొండున్నర ఏళ్ళ లెక్క

ఇంటర్మీడియెట్ బై.పి.సి. పూర్తి చేసి ‘నీట్’ రాసి ఎం.బి.బి.ఎస్.లో చేరితే నాలుగున్నర ఏళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ కలిపి ఐదున్నర ఏళ్ళు. తరువాత మరో ‘నీట్’ రాసి ఎం.డి. జనరల్ మెడిసిన్ మూడేళ్ళు. ఆ పైన డి.ఎం. ఎండోక్రినాలజీ మరో మూడేళ్ళు. మొత్తం పదకొండున్నర. పదునెనిమిదేళ్ళ వయసులో మొదలుపెట్టి ఎక్కడా ఒక్క ఏడు కూడా పోకపోతే ముప్ఫయి దగ్గర పడుతుంది. ఎం.డి. సీటు కోసం ఒకటి రెండేళ్ళు ఇంట కూర్చుని చదివే వారు ఎందరో వున్నారు. వారికి ముప్ఫయి దాటుతుంది.

డి.ఎం.కు సమానమైన మరో దారి జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే డి.ఆర్.ఎన్.బి. పట్టా. అదీ మూడేళ్ళే, సీట్లు ఎక్కువగా పెద్ద ఆసుపత్రుల్లో వుంటాయి. ఇవి కాక కొన్ని నెలల్లో, ఏడాదిలో అయిపోయే షుగరు వైద్యపు ‘ఫెలోషిప్’లు, సర్టిఫికెట్లు వున్నాయి. అవి నేర్చుకోవడానికి మంచివే గాని డి.ఎం.తో సమానం కావు. డాక్టరు గారి బోర్డు మీద పేరు పక్కన ఏ అక్షరాలున్నాయో రోగులు కూడా చూసుకోవడం మంచిది.

ఒక్క పరీక్ష, 150 ప్రశ్నలు

2017కు ముందు డి.ఎం. సీట్లకు ఒక్కొక్క విశ్వవిద్యాలయం, ఒక్కొక్క సంస్థ విడివిడిగా పరీక్ష పెట్టుకునేవి. ఆ ఏటి నుంచి దేశమంతటికీ ఒకే పరీక్ష వచ్చింది. పేరు ‘నీట్ సూపర్ స్పెషాలిటీ’. 150 ప్రశ్నలు, రెండున్నర గంటల సమయం. జవాబు సరైతే 4 మార్కులు, తప్పయితే ఒక మార్కు కోత. అంటే తెలియనిదానికి గుడ్డిగా గీత గీస్తే వచ్చిన మార్కులే పోతాయి.

ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పి.జి.ఐ., పుదుచ్చేరి జిప్‌మర్ వంటి జాతీయ సంస్థలకు మాత్రం వేరే పరీక్ష వున్నది. అది ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది.

పరీక్ష తీరు ఒకసారి పెద్ద వివాదానికి దారితీసింది. మొదట్లో 40 శాతం ప్రశ్నలు ఎం.డి. పాఠాల నుంచి, 60 శాతం విద్యార్థి ఎంచుకున్న శాఖ నుంచి వచ్చేవి. 2021లో పరీక్ష తేదీ ప్రకటించాక ఆ తీరును మార్చి, అన్ని ప్రశ్నలూ ఎం.డి. స్థాయి పాఠాల నుంచే అన్నారు. ఏళ్ళ తరబడి ఒక పద్ధతికి తయారైన యువ డాక్టర్లు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కోర్టు ప్రభుత్వాన్ని గట్టిగానే మందలించింది. చివరకు ఆ ఏటి పరీక్ష పాత పద్ధతిలోనే 2022 జనవరిలో జరిగింది. కొత్త తీరు 2022 నుంచి అమలులోకి వచ్చింది.

గ్రంథుల వైద్యం మీద మనసు పడ్డ విద్యార్థికి ఈ మార్పు చిన్నది కాదు. పూర్వం ఆ శాఖనే బాగా చదివి ముందుకు రావచ్చు. ఇప్పుడు గుండె, మెదడు, జీర్ణకోశం, మూత్రపిండాల శాఖలు కోరేవారితో కలిసి ఒకే పరీక్ష రాసి, ఒకే ర్యాంకుల జాబితాలో నిలబడాలి. ఇష్టం ఎంత వున్నదో ఎవరూ అడగరు, ర్యాంకు ఎంత వచ్చిందన్నదే మాట.

మన సీట్లు మనకేనా?

పట్నంలో అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి, పంజగుట్టలోని నిమ్స్‌లలో ఈ శాఖ వున్నది. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాల, తిరుపతి స్విమ్స్ పేర్లు చెప్పుకోవచ్చు. మన మేడ్చల్ మండలం ఘన్‌పూర్‌లోనూ, దగ్గరలోని సూరారంలోనూ వైద్య కళాశాలలున్నా, పై చదువుకు పిల్లల చూపు పట్నం పెద్దాసుపత్రుల మీదనే.

ఆ సీట్లు స్థానికులకేనా అన్న తగవు కూడా సుప్రీంకోర్టు దాకా పోయింది. మన రెండు తెలుగు రాష్ట్రాలకు రాజ్యాంగంలో 371-డి అనే ప్రత్యేక అధికరణం వున్నది. దాని ఆధారంగా డి.ఎం. సీట్లను స్థానికులకే ఇస్తున్నారని ఇతర రాష్ట్రాల డాక్టర్లు దావా వేశారు. 2015 అక్టోబరులో తీర్పు మన రాష్ట్రాలకు అనుకూలంగానే వచ్చింది. అయితే రెండేళ్ళు తిరగకుండానే, 2017లో దేశమంతటికీ ఉమ్మడి పరీక్ష, ఉమ్మడి కౌన్సెలింగు వచ్చి పడ్డాయి. సర్కారు కొలువులో వున్న డాక్టర్లకు కొన్ని రాష్ట్రాలు విడిగా ఇచ్చే వాటాను మినహాయిస్తే, ఇప్పుడు ఉస్మానియా సీటుకు కేరళ విద్యార్థి, కోల్‌కతా సీటుకు మన విద్యార్థి పోటీ పడవచ్చు. ఈ స్థాయిలో కుల రిజర్వేషన్లు లేవు.

ఇక్కడ తల్లిదండ్రులు బాగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటున్నది. ప్రభుత్వ కళాశాల అయినా, ప్రైవేటు కళాశాల అయినా, డీమ్డ్ విశ్వవిద్యాలయం అయినా డి.ఎం. సీటు ఢిల్లీలోని వైద్య కౌన్సెలింగు కమిటీ ద్వారానే రావాలి. “పరీక్షతో పని లేదు, ఇంత ఇస్తే సీటు ఇప్పిస్తాం” అని ఎవరు ఇంటికి వచ్చినా నమ్మరాదు. ప్లాటు అమ్మిన సొమ్ము వాళ్ళ చేతిలో పోస్తే అది మళ్ళీ చేతికి వస్తుందన్న ఆశ లేదు.

ధరావత్తు, బాండు

కౌన్సెలింగుకు పేరు నమోదు చేసుకునేటప్పుడు ఇటీవలి సంవత్సరాలలో 2 లక్షల రూపాయల ధరావత్తు కట్టించుకుంటున్నారు. నియమాల ప్రకారం నడుచుకుంటే అది తిరిగి వస్తుంది. తరువాతి విడతల్లో సీటు తీసుకుని చేరకపోతే పోతుంది. పాసు గీటు మామూలుగా 50 పర్సంటైల్. సీట్లు మిగిలిపోయిన ఏళ్ళలో దానిని తగ్గించిన సందర్భాలూ వున్నాయి. కనుక మొదటి విడతలో పేరు రాలేదని నిరాశపడి ఊరుకోరాదు.

సర్కారు కళాశాలలో చేరితే నెలనెలా స్టైపెండు వస్తుంది, ఇంటి మీద భారం తక్కువ. ప్రైవేటులో ఫీజు లక్షల్లో వుంటుంది. చాలా రాష్ట్రాలు చదువు అయ్యాక కొంతకాలం తమ దవాఖానాల్లో పని చేయాలని బాండు రాయించుకుంటాయి. చేయకపోతే పెద్ద మొత్తం కట్టాలి. ఈ బాండ్లు చెల్లుతాయని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. రాష్ట్రానికొక నియమం వున్నందున, కళాశాల పేరు జాబితాలో రాసేముందే అక్కడి బాండు ఎన్నేళ్ళో, ఎంత సొమ్మో చదువుకోవాలి. చేరిన తరువాత బాధపడి లాభం లేదు.

అమెరికా దారి వేరు

మన డాక్టర్లు ఎందరో అమెరికా వెళ్తున్నారు. అక్కడ ఈ చదువునే ‘ఫెలోషిప్’ అంటారు. ఇక్కడ ఎం.డి. చేసినా సరే, సాధారణంగా అక్కడ మళ్ళీ మూడేళ్ళు రెసిడెన్సీ చేసి, ఆ పైన రెండేళ్ళు ఫెలోషిప్ చేయాలి. ఎంపిక ఒక్క పరీక్ష మార్కులతో కాదు. వేసవిలో దరఖాస్తు పంపాలి. తాను ఈ శాఖ ఎందుకు కోరుతున్నదీ ఒక పేజీ రాయాలి. తనకు పని నేర్పిన పెద్ద డాక్టర్ల ఉత్తరాలు జతపరచాలి. తరువాత ఇంటర్వ్యూలు.

ఇంటర్వ్యూలు అయ్యాక డాక్టరు తనకు నచ్చిన ఆసుపత్రులను వరుసగా రాసి ఇస్తాడు, ఆసుపత్రులు తమకు నచ్చిన డాక్టర్లను వరుసగా రాసి ఇస్తాయి. పెళ్ళిళ్ళ పేరయ్య ఇరుపక్షాల మాట విని సంబంధం కుదిర్చినట్లు కంప్యూటరు ఎవరికి ఎవరో తేలుస్తుంది. డిసెంబరు మొదట్లో ఫలితం వస్తుంది. ఇటువంటి జోడింపు లెక్కల మీద పని చేసిన ఆల్విన్ రాత్, లాయిడ్ షాప్లీలకు 2012లో అర్థశాస్త్రపు నోబెల్ బహుమతి దక్కింది.

అక్కడ గుండె డాక్టరుతో పోలిస్తే గ్రంథుల డాక్టరు రాబడి తక్కువ. జె-1 వీసా మీద వెళ్ళిన వారు చదువు ముగిశాక రెండేళ్ళు స్వదేశానికి తిరిగి రావాలి. లేదా డాక్టర్లు చాలని ప్రాంతంలో మూడేళ్ళు పని చేయడానికి ఒప్పుకుంటే మినహాయింపు దొరుకుతుంది. అందుకు ఒక్కో రాష్ట్రానికి ఏటా 30 మందికి అవకాశం. అంటే అంత సంపన్న దేశంలోనూ పల్లెలకు డాక్టరు దొరకడం లేదన్నమాట!

ఊరికి ఒరిగేదేమిటి?

ఇంత దూరం నడిచిన డాక్టరు పట్నంలోనే వుండిపోవడంలో ఆశ్చర్యం లేదు. హార్మోనులను కొలిచే ప్రయోగశాలలు, స్కానింగు యంత్రాలు అక్కడే వున్నాయి. కనుక ఊరూరికీ ఒక గ్రంథుల డాక్టరు రావాలని కోరడం కుదరని మాట. కావలసినది వేరు. ఏ రోగిని ఎప్పుడు పైకి పంపాలో పల్లె దవాఖానా డాక్టరుకు తెలియాలి, పంపిన రోగి చూపించుకుని వచ్చే దారి వుండాలి. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ దాకా ఎం.ఎం.టి.ఎస్. రైలు వచ్చింది. గుండ్లపోచంపల్లిలో ఎక్కితే సికింద్రాబాదులో దిగవచ్చు. దారి కొంత దగ్గరయింది.

ఇక ఇంటి సంగతి. కొడుకు మూడేళ్ళు అడిగితే సంపాదన ఎప్పుడన్న దిగులు, కూతురు మూడేళ్ళు అడిగితే పెళ్ళి ఎప్పుడన్న దిగులు. రెండూ నిజమైన దిగుళ్ళే, కొట్టిపారేయరాదు. అయితే ఎనిమిదిన్నర ఏళ్ళు చదివిన బిడ్డకు చివరి మూడేళ్ళలో కావలసింది డబ్బు కంటే ఎక్కువగా ఇంటి నెమ్మది. చదువుకునే ఏడాది ఫంక్షన్లకు రాలేదని నిష్ఠూరాలాడకుండా వుంటే అదే పెద్ద సాయం. ఎం.డి.తో ఆగి మేడ్చల్‌లోనో, శామీర్‌పేటలోనో దవాఖానా పెట్టుకుంటానన్నా అది తక్కువ పని కాదు. వందమంది షుగరు రోగులలో అధిక సంఖ్యాకులకు కావలసింది ఆ డాక్టరే. కూర్చుని మాట్లాడుకుని, ఖర్చూ బాండూ వయసూ మూడూ లెక్క వేసుకుని, పరీక్షకు ముందే నిర్ణయానికి రావడం ఇంటిల్లిపాదికీ మేలు.