పాతబస్తీ పేర్లతో ఇంగ్లిష్ వ్యాకరణం

పాతబస్తీ పిల్లల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవారూ ఉన్నారు, ఉర్దూ మాట్లాడేవారూ ఉన్నారు. ఇంగ్లిష్ రాసేటప్పుడు మాత్రం చాలాసార్లు ఇద్దరూ ఒకే చోట తడబడతారు. తెలివి తక్కువై కాదు. కొన్ని విషయాల్లో తెలుగు, ఉర్దూ ఒకే దారిన నడుస్తాయి, ఇంగ్లిష్ దారి వేరు.

‘సిన్స్’ ఎప్పుడు? ‘ఫర్’ ఎప్పుడు?

‘1591 నుంచి’ అంటాం, ‘నాలుగు వందల ఏళ్ల నుంచి’ అనీ అంటాం. ఉర్దూలోనూ రెండింటికీ ‘సే’ సరిపోతుంది. ఇంగ్లిష్ ఈ రెంటినీ విడదీస్తుంది. ఎప్పుడు మొదలైందో చెబితే ‘సిన్స్’, ఎంతకాలం గడిచిందో చెబితే ‘ఫర్’. చార్మినార్ కట్టింది 1591లో. కాబట్టి ‘సిన్స్ 1591’ ఒప్పు, ‘ఫర్ ఫోర్ హండ్రెడ్ ఇయర్స్’ ఒప్పు. ‘సిన్స్ ఫోర్ హండ్రెడ్ ఇయర్స్’ తప్పు.

మరి క్రియ ఎందుకు మారుతుంది?

‘1591 నుంచి ఇక్కడే ఉంది’ అన్నప్పుడు మనం వర్తమానమే వాడతాం. అందుకే పిల్లల కలం నుంచి ‘ఈజ్ స్టాండింగ్ సిన్స్ 1591’ అని వస్తుంది. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్నదానికి ఇంగ్లిష్‌లో ‘హ్యాజ్’ కావాలి: ‘ది చార్మినార్ హ్యాజ్ స్టుడ్ హియర్ సిన్స్ 1591’.

పేర్ల ముందు ‘ది’ ఎందుకు?

తెలుగులోగానీ ఉర్దూలోగానీ ‘ది’కి సాటి వచ్చే మాట లేదు. అందుకే ఇది ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. నదుల పేర్లకు ‘ది’ తప్పదు: ది మూసీ. మ్యూజియంలకూ సాధారణంగా వస్తుంది: ది సాలార్‌జంగ్ మ్యూజియం. బజార్లకు, బస్తీలకు మాత్రం అక్కర్లేదు: లాడ్ బజార్, శాలిబండ. కట్టడం గురించి రాస్తే ‘ది చార్మినార్’ అనవచ్చు. ఆ పరిసరాల పేరుగా రాస్తే ఒట్టి ‘చార్మినార్’ చాలు. వీటన్నిటికీ ఒకే సూత్రం లేదు. చాలావరకు వాడుకే నిర్ణయించింది, చదువుతూ పట్టుకోవాలి.

అపాస్ట్రఫీ ఎక్కడ పెట్టాలి?

పురానీ హవేలీలోని నిజామ్స్ మ్యూజియంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు రజతోత్సవ సందర్భంగా వచ్చిన కానుకలు ఉన్నాయి. అవి ఒక్క నిజాంవి కాబట్టి అపాస్ట్రఫీ ‘ఎస్’కు ముందు వస్తుంది. నిజాంలందరి నగల గురించి రాస్తే ‘ఎస్’ తర్వాత వస్తుంది. చెవికి రెండూ ఒకటే, తేడా కంటికే తెలుస్తుంది. ఒట్టి బహువచనానికి అపాస్ట్రఫీ వద్దు. గాజుల దుకాణం బోర్డు మీద ‘బ్యాంగిల్స్’ అని రాయడానికి అది అనవసరం.

ఉపాధ్యాయులకు ఒక మనవి. తప్పు కింద ఎర్రగీత గీసి ఊరుకోకండి. బోర్డు మీద ఇంగ్లిష్ వాక్యం పక్కనే పిల్లల ఇంటి భాషలోని వాక్యం కూడా రాయండి. రెండు భాషలూ ఎక్కడ విడిపోతున్నాయో వాళ్లనే చూపించమనండి. కారణం తెలిసిన నియమం పరీక్ష అయ్యాక కూడా గుర్తుంటుంది.