బంతి వేయాలా, వద్దా?

2010 ఆగస్టులో శ్రీలంకలోని దంబుల్లాలో జరిగిన వన్డే మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. భారత్ గెలవడానికి ఒక్క పరుగు కావాలి. సెహ్వాగ్ 99 మీద ఉన్నాడు. అప్పుడు బౌలర్ సూరజ్ రణ్‌దివ్ కావాలని నో బాల్ వేశాడు. సెహ్వాగ్ ఆ బంతిని సిక్సర్ కొట్టాడు. కానీ నో బాల్ పరుగుతోనే మ్యాచ్ ముగిసింది కాబట్టి ఆ సిక్సర్ లెక్కలోకి రాలేదు. సెహ్వాగ్ 99 దగ్గరే ఆగిపోయాడు. తర్వాత రణ్‌దివ్ క్షమాపణ చెప్పాడు. అతని బోర్డు అతన్ని ఒక మ్యాచ్‌కు పక్కన పెట్టింది.

క్రికెట్‌లో ఇలాంటిది ఎప్పుడో గానీ జరగదు. అమెరికా, జపాన్ దేశాల్లో జనం ప్రాణంగా చూసుకునే బేస్‌బాల్‌లో మాత్రం ఇది రోజూ ఉండే ప్రశ్నే. పెద్ద రికార్డుకు చేరువైన ఆటగాడు ఎదురుగా నిలబడితే అతనికి ఆడదగిన బంతి వేయాలా, వద్దా? ఈ ప్రశ్న మీద అక్కడి అభిమానులు తరాలుగా వాదించుకుంటున్నారు. ఆ వాదన మనకెందుకంటే, అందులో మన సంగతి కూడా ఉంది.

ఆట సంగతి

బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. బంతి నేలను తాకకుండా బ్యాట్స్‌మన్ దగ్గరకు రావాలి. బ్యాట్స్‌మన్ దాన్ని కంచె అవతలకు కొడితే హోమ్ రన్. మన సిక్సర్‌కు అన్న అనుకోవచ్చు. అందుబాటులో లేని బంతులు నాలుగు వేస్తే, బ్యాట్స్‌మన్ కొట్టకుండానే మొదటి బేస్‌కు నడిచి వెళ్తాడు. దాన్ని 'వాక్' అంటారు. భయంకరమైన హిట్టర్ వచ్చినప్పుడు పిచర్ కావాలనే నాలుగు బంతులూ దూరంగా వేసి అతన్ని పంపేయవచ్చు. ఇది నిబంధనలకు లోబడినదే. అమెరికా ప్రధాన లీగ్‌లో 2017 నుంచి బంతులు కూడా వేయనక్కర్లేదు, మేనేజర్ సైగ చేస్తే చాలు.

బ్యారీ బాండ్స్ అనే ఆటగాడికి 2004 సీజన్‌లో ఇలా కావాలని 120 సార్లు దారి ఇచ్చారు. చూడటానికి ఇది ఉచితంగా ఇచ్చిన బహుమతిలా ఉంటుంది. నిజానికి అతని చేతిలోని బ్యాటుకు పని లేకుండా చేయడమే.

హాంక్ ఆరన్ 715

ఈ వాదన అన్నిటికంటే తీవ్రంగా సాగింది 1973, 74 సంవత్సరాల్లో. బేబ్ రూత్ అనే తెల్లజాతి ఆటగాడు 714 హోమ్ రన్లు కొట్టి 1935లో ఆట విరమించాడు. ఆ అంకె అమెరికాలో పూజా విగ్రహంలా నిలిచిపోయింది. దాని దగ్గరకు వచ్చినవాడు హాంక్ ఆరన్. 1934లో అలబామా రాష్ట్రంలోని మొబైల్ పట్టణంలో ఒక పేద నల్లజాతి కుటుంబంలో పుట్టాడు.

1947లో జాకీ రాబిన్సన్ వచ్చేదాకా ఆ కాలపు పెద్ద లీగుల్లోకి నల్లవారిని రానివ్వలేదు. ఆరన్ కూడా 1952లో నల్లవారి జట్టయిన ఇండియానాపోలిస్ క్లౌన్స్‌తోనే మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో వాషింగ్టన్‌లో ఒక హోటల్లో జట్టంతా తిని లేచాక, తాము తిన్న ప్లేట్లను వంటగదిలో పగలగొడుతున్న చప్పుడు విన్నానని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. టీ కొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి గురించి విన్న మనకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

1973 సీజన్ ముగిసేసరికి ఆరన్ లెక్క 713. ఆ ఏడాది ఆయనకు సుమారు 9,30,000 ఉత్తరాలు వచ్చాయి. వాటిలో మెచ్చుకున్నవి ఎన్నో ఉన్నాయి. నల్లవాడు రూత్‌ను దాటితే చంపుతామన్నవీ ఉన్నాయి. కాలేజీలో చదువుతున్న కూతురికి కూడా బెదిరింపులు వచ్చాయి. ఆయన వెంట పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది.

అభిమానుల వాదనలు ఇంకోవైపు. రూత్ సుమారు 8,400 సార్లు బ్యాటింగ్ లెక్కతో 714 కొట్టాడు, ఆరన్‌కు 11,000 పైన పట్టాయి, ఇదేం గొప్ప అన్నారు కొందరు. రూత్ తన లీగ్‌లో ఒక్క నల్ల పిచర్‌నైనా ఎదుర్కోలేదు, ప్రతిభ ఉన్నవాళ్ళను గేటు బయట నిలబెట్టి సాధించిన లెక్క అది అన్నారు మరికొందరు. రెండో మాటలో ఉన్న న్యాయం మనకు వెంటనే అర్థమవుతుంది.

1974 సీజన్ సిన్సినాటిలో మొదలైంది. రికార్డు సొంత ఊరు అట్లాంటాలోనే పడాలని, అందుకోసం సిన్సినాటిలో ఆరన్‌ను ఆడించకూడదని ఆయన జట్టు బ్రేవ్స్ అనుకుంది. గెలవడానికి ప్రయత్నించకుండా రికార్డు కోసం ఆటగాణ్ణి దాచడం తప్పని విమర్శలు వచ్చాయి. మూడు మ్యాచుల్లో కనీసం రెండు ఆడించాలని కమిషనర్ బౌయీ కూన్ ఆదేశించాడు. ఏప్రిల్ 4న మొదటి మ్యాచ్‌లో, బ్యాటు ఊపిన మొదటిసారే ఆరన్ 714వ హోమ్ రన్ కొట్టాడు.

ఏప్రిల్ 8న అట్లాంటాలో 53,775 మంది వచ్చారు. ఎదుటి జట్టు లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్. పిచర్ ఆల్ డౌనింగ్ కూడా నల్లజాతివాడే. ఇద్దరి చొక్కా మీదా నంబరు 44. మొదటిసారి డౌనింగ్ వాక్ ఇచ్చాడు, జనం గోల చేశారు. నాలుగో ఇన్నింగ్స్‌లో ఆడదగిన బంతి వేశాడు. అది కంచె దాటింది. 715! ఆరన్ బేస్‌ల చుట్టూ పరుగెడుతుంటే ఎదుటి జట్టు ఆటగాళ్ళు చేయి కలిపి అభినందించారు. దక్షిణాది నగరంలో, వేల మంది తెల్లవారు లేచి నిలబడి ఒక నల్లవానికి చప్పట్లు కొట్టారు.

ఆ బంతి వేసినవాడిగా డౌనింగ్ పేరు చరిత్రలో నిలిచిపోయింది. దాన్ని ఓటమి అనాలా? ఎదురు నిలిచి ఆడాడు, అది ఆటగాడి ధర్మం.

జపాన్‌లో తలుపు మూశారు

జపాన్‌లో సదహరు ఓ 1964లో ఒక్క సీజన్‌లో 55 హోమ్ రన్లు కొట్టాడు. 1985లో అమెరికన్ ర్యాండీ బాస్ 54కు చేరాడు. చివరి మ్యాచ్‌లలో ఎదురైంది ఓ మేనేజర్‌గా ఉన్న జట్టు. పిచర్లు బాస్‌కు వాక్ మీద వాక్ ఇచ్చారు. అలా చేయమని తాను చెప్పలేదని ఓ అన్నాడు. 2001లో టఫీ రోడ్స్ 55ను అందుకున్నాక మళ్ళీ ఓ జట్టు చేతిలోనే అదే జరిగింది. విదేశీయుడు ఆ రికార్డు దాటడం తనకు ఇష్టం లేదని ఆ జట్టు కోచ్ ఒకరు బాహాటంగానే అన్నాడు.

విచిత్రం ఏమిటంటే ఓ తండ్రి చైనీయుడు. జపాన్ పౌరుడు కాదన్న కారణంతో స్కూలు రోజుల్లో ఓ ను ఒక జాతీయ పోటీలో ఆడనివ్వలేదు. చివరకు 2013లో కురసావ్ నుంచి వచ్చిన వ్లదిమీర్ బాలెంటీన్ 60 కొట్టి ఆ గోడను దాటాడు.

మనకేమిటి?

హిట్టర్‌ను అవుట్ చేయడం వేరు, ఆడనివ్వకపోవడం వేరు. గెలుపు కోసం ఒక కీలక సమయంలో వాక్ ఇస్తే అది వ్యూహం. మనిషి పుట్టుక చూసి ఇస్తే అది వివక్ష. నిబంధన ఒక్కటే, ఉద్దేశం వేరు. అందుకే ఈ వాదన రూల్స్ పుస్తకంతో తెగదు.

మాలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీ పట్టా తెచ్చినవాళ్ళం. మాకు ఎదురైన అడ్డంకులన్నీ కోపంగా రాలేదు. కొన్ని జాలి రూపంలో వచ్చాయి. "హాస్టల్ పిల్లలు కదా, పోనీలే" అని వైవాలో ఒక్క ప్రశ్న కూడా అడగకుండా పాస్ మార్కులు వేసి పంపినవారు ఉన్నారు. సెమినార్ లిస్టులో మా పేర్లు లేకుండా చూసి, కష్టం తప్పించామనుకున్నవారు ఉన్నారు. అవన్నీ వాక్‌లే. మొదటి బేస్‌కు చేరాం గానీ, మా బ్యాటు ఎంత దూరం కొట్టగలదో ఎవరికీ తెలియలేదు. మాకూ తెలియలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ప్రశ్న అడగకుండా వదిలేస్తే సంతోషించకండి. "సార్, నన్ను కూడా అడగండి" అనండి. తప్పు చెబితే నేర్చుకుంటాం. అలాగే రేపు మీరు ఒక కుర్చీలో కూర్చున్నప్పుడు, మీ ఎదుటికి వచ్చినవాడు మిమ్మల్ని మించిపోతాడని అనిపించినా సరే, బంతి వేయండి.

ఆరన్ 755 హోమ్ రన్లతో 1976లో ఆట ముగించాడు. 2007లో బాండ్స్ దాన్ని దాటాడు. మందుల ఆరోపణల వల్ల ఆ రికార్డు మీద అభిమానులు ఇంకా తగువులాడుతూనే ఉన్నారు. 2021లో ఆరన్ కన్నుమూశాడు. ఆయన్ని చంపుతామన్న ఉత్తరాలను ఆయన పారేయకుండా దాచుకున్నాడు. 715కు ఎంత ధర చెల్లించాడో ఆ ఉత్తరాలే చెబుతాయి.